ఆ విమానం నడిపింది ఎవరు?

సాలూరు దాటాక, కొండల అంచున పాచిపెంట. దసరా సెలవులకి అక్కడ మా మేనత్తగారింట్లో బావలంతా టీవీ గేమ్ ముందు చేరేవారు. నదిమీద విమానం ఎగిరే ఆటంటే నాకు ప్రాణం. ఒడ్డుకి తగలకూడదు, వంతెనలు పేల్చాలి, పెట్రోలు అయిపోకముందే నింపుకోవాలి. నా వంతెప్పుడని అడిగితే, "ఆడగుంటవి, నీకెందుకే?" అనేవారు. వాళ్లు గెడ్డలో ఈతకెళ్లినప్పుడు టీవీ శబ్దం తగ్గించి దొంగచాటుగా ఆడేదాన్ని.

ఆ ఆట పేరు రివర్ రెయిడ్ అనీ, 1982లో దాన్ని తయారుచేసింది కారల్ షా అనే స్త్రీ అనీ పరిశోధన చేసే రోజుల్లో గానీ నాకు తెలియలేదు. ఆమె పనిచేసిన యాక్టివిజన్, తమ ఆటలకి పేరూ తగిన ప్రతిఫలమూ దక్కక అటారీని వదిలి వచ్చినవాళ్లు 1979లో పెట్టుకున్న కంపెనీ. అందుకే ఆట వెంట వచ్చే చిన్న పుస్తకంలో షా పేరుంది. మా ఇంటికొచ్చింది చవక నకలు. వందల ఆటలు ఒకే పెట్టెలో, ఒక్కదానికీ కర్త లేదు. పేరు లేనిచోట మగపేరు ఊహించుకోవడం మనకెంత అలవాటు!

పాత ఆటల్ని దాచుకునే అభిమానులు మాత్రం ఆమెని మరవలేదు. 2017లో, 35 ఏళ్ల తర్వాత, గేమ్ అవార్డ్స్ వేదిక ఆమెని సత్కరించింది.

మొన్న నా మేనకోడలు ఆ ఆట చూసి, "ఇదెవరు సేసారత్తా?" అంది. పేరు చెప్పాను. ఆ వయసులో నాకా ప్రశ్నే తట్టలేదు.