దాహమయ్యే బండ్లు, నీళ్ళున్న ఊళ్ళు

ఏటా నవంబరులో లండన్ నుంచి బ్రైటన్ దాకా పాత కార్లు బారులు తీరి పోతాయి. 1905కి ముందు తయారైన బండ్లకే అందులో చోటు. మోటారు బండ్ల మీది వేగ పరిమితిని ఇంగ్లండు 1896లో సడలించినప్పుడు జరిగిన తొలి ప్రయాణానికి అది గుర్తు. మన దేశంలో స్టేట్స్‌మన్ పత్రిక 1964లో ఢిల్లీలో ఇలాంటి ర్యాలీ మొదలుపెట్టింది. అమెరికాలోనైతే పాత కార్ల సంఘాలవాళ్ళు చిన్న చిన్న ఊళ్ళ మీదుగా రోజుల తరబడి తిరుగుతుంటారు. అందరి కళ్ళూ బండి మీదే ఉంటాయి. ఇత్తడి దీపాలు, కట్టె చక్రాలు, రబ్బరు బుడగ హారను. ఆ బండి ఆగిన ఊరి గురించి రాసేవాళ్ళు తక్కువ.

అసలు పాత బండి ఎందుకు ఆగుతుంది? చాలాసార్లు నీళ్ళకే. 1908 నుంచి 1927 దాకా కోటిన్నర దాకా తయారైన ఫోర్డు మోడల్ టీ సంగతే తీసుకోండి. దాదాపు ఆ కార్లన్నిట్లోనూ నీళ్ళు తిప్పే పంపు లేదు. వేడెక్కిన నీళ్ళు పైకి, చల్లబడినవి కిందికి వాటంతటవే తిరగాలి. ఎండ ముదిరినా, ఎత్తు ఎక్కినా నీళ్ళు మరిగి ఆవిరైపోతాయి. మళ్ళీ పోసుకోవాల్సిందే. మన దగ్గర అంబాసిడర్ల కాలం దాకా ఇదే కథ. ఘాటెక్కిన లారీ పక్కకు ఆగడం, క్లీనరు దిగి గుడ్డ చుట్టి రేడియేటర్ మూత తిప్పడం, డబ్బాతో నీళ్ళు పోయడం నడివయసు దాటినవాళ్ళంతా చూసిందే.

అలాంటి పాత కార్లు పదో పదిహేనో కడప, కర్నూలు సీమలోకి వచ్చాయనుకుందాం. వాటికి దారి గీసేవాళ్ళు కోటలకన్నా ముందు బావులు, చెరువులు లెక్క చూసుకోవాలి. ఇదేమీ కొత్త లెక్క కాదు. ఇక్కడ దారులన్నీ అలా పుట్టినవే.

మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్‌గా పనిచేసిన ఏనుగుల వీరాస్వామి 1830 మే నెలలో కాశీకి బయలుదేరాడు. పల్లకీలు, బోయీలు, డేరాలు, వంద మంది దాకా పరివారం. తిరుపతి దాటి ఒంటిమిట్ట, కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా కృష్ణ దాటి హైదరాబాదు వైపు సాగాడు. ఆయన పోయాక 1838లో అచ్చయిన కాశీయాత్ర చరిత్రను మనం తొలి తెలుగు యాత్రాగ్రంథాల్లో ఒకటిగా గౌరవిస్తాం. అయితే అందులో మజిలీ తరవాత మజిలీ ఆయన పట్టించుకున్నది చాలా మామూలు సంగతులు: నీటి వసతి ఉందా, అంగళ్ళున్నాయా, దిగడానికి చోటుందా, దారి రాళ్ళా ఇసకా. వంద మందిని నడిపించుకుపోయే మనిషికి అదే అసలైన భూగోళం. బోయీలకు దాహమైన చోట పల్లకీ దిగుతుంది. పల్లకీ దిగిన చోట అంగడి వెలుస్తుంది.

ఆ నీళ్ళు ఊరికే రాలేదు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి సంస్కృత శాసనం ఒకటుంది. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించింది. కట్ట కోసం రోజూ వెయ్యి మంది కూలీలు, రాళ్ళు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ళ పని అని లెక్క చెబుతుంది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు కూడా చెబుతుంది. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు పడటం అందులో ఒక దోషం. నీటి తగాదాలు ఆ నాటికే అనుభవమన్నమాట. ఈ సీమ బండ్ల చరిత్ర రాయాలంటే నేనైతే ఆ వంద బండ్లతోనే మొదలుపెడతాను.

నీళ్ళే ప్రాణం తీసిన కథ కూడా ఉంది. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో తరవాత మద్రాసు గవర్నరయ్యాడు. స్వదేశానికి పోయేముందు పాత జిల్లాలను ఒకసారి చూసిపోదామని వచ్చాడు. దండులో కలరా తగిలింది. 1827 జులై 6న పత్తికొండలో చనిపోయాడు. కలరా నీళ్ళతో వచ్చే జబ్బని అప్పటికి ఎవరికీ తెలీదు. ఆయన గుర్తుగా పత్తికొండలో తోపు పెంచి, బావి కట్టించారు. బాటసారికి నీడ, నీళ్ళు. ఈ సీమలో ఇంతకన్నా తగిన స్మారకం ఇంకేముంటుంది?

రైలు కూడా దాహమయ్యే బండే. మద్రాసు, బొంబాయిల నుంచి వచ్చిన రైలు మార్గాలు 1871లో రాయచూరు దగ్గర కలిశాయి. ఆ దారిలో పాత కడప జిల్లా నందలూరు ఉంది. చోళుల కాలపు సౌమ్యనాథస్వామి గుడి వల్ల ఊరు అంతకు ముందే పేరున్నది. చెయ్యేటి నీళ్ళ పుణ్యమా అని అక్కడ ఆవిరి ఇంజన్ల షెడ్డు వెలసింది. షెడ్డు చుట్టూ క్వార్టర్లు, హోటళ్ళు, బడి పిల్లలు, జీతాల రోజు సందడి. డీజిల్ ఇంజను వచ్చింది. దానికి చెయ్యేటితో పని లేదు. షెడ్డు పోయింది, సందడీ పోయింది. గుడి మాత్రం మిగిలింది కాబట్టి నందలూరు ఇప్పుడు ‘చారిత్రక’ పట్టణం.

ఈ మాట దగ్గరే నాకు పేచీ. ఊరు పాతదైనందువల్లే చారిత్రకం కాదు. బండ్లు ఆగడం మానేసినప్పుడు ఆ పేరు వస్తుంది. ఇప్పటి కార్లలో నీళ్ళు మూసిన గొట్టాల్లోనే తిరుగుతాయి. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్ళగడ్డ, దువ్వూరు మీదుగా కడపకు వచ్చే 40వ నంబరు జాతీయ రహదారి మీద బండి దాహం కోసం ఆగాల్సిన అవసరం లేదు. టీ తాగాలనిపిస్తే తప్ప. బైపాసులు పడ్డాక అదీ ఊరి బయటే.

బండి దాహం తీరింది గానీ ఊరి దాహం తీరలేదు. వేసవిలో బోర్లు ఎండిపోయి ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టే వీధులు ఈ రెండు జిల్లాల్లో ఎన్నో. పోనీ నీళ్ళొస్తే? 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, అదే చెయ్యేరు దిగువ పల్లెలను ఊడ్చుకుపోయింది. కట్టకు దోషాలేమిటో ఆరున్నర శతాబ్దాల కిందట రాతి మీద రాసుకున్న నేల ఇది.

పాత కార్లవాళ్ళు ఎప్పుడైనా ఇటు వస్తే గండికోట, సిద్ధవటం ఎలాగూ చూస్తారు. చూడాల్సినవే. వాటితో పాటు పోరుమామిళ్ళ కట్ట మీద ఓ గంట నడవాలి, నందలూరులో దిగాలి, పత్తికొండ బావి ఎక్కడని అడగాలి. వాళ్ళ బండికి ఎలాగూ నీళ్ళు కావాలి. ఊళ్ళో ఎవరింటి తలుపో తట్టి అడగక తప్పదు. ఒక చెంబు నీళ్ళు ఇచ్చే ముందు ఆ ఇంటావిడ క్షణం ఆలోచిస్తే, ఈ సీమ చరిత్ర సగం తెలిసినట్టే.