క్యాష్: దాచిన చోటు

ఫోన్ నెమ్మదిస్తే ‘క్యాష్ క్లియర్ చెయ్’ అంటాం. ఇది డబ్బు క్యాష్ కాదు. ఫ్రెంచిలో ‘కాషే’ అంటే దాచడం. ఉత్తర అమెరికా అడవుల్లో బొచ్చుతోళ్ల వేటగాళ్లు తిండీ సరుకూ దాచిపెట్టిన గోతిని ‘కాష్’ అన్నారు. కంప్యూటర్లో ప్రాసెసర్ పక్కనుండే చిన్న, చురుకైన మెమరీని 1965లో కంప్యూటర్ శాస్త్రవేత్త మారిస్ విల్క్స్ ‘స్లేవ్ మెమరీ’ అన్నాడు. నిలిచిపోయిన పేరు మాత్రం 1968లో ఐబీఎం సిస్టమ్/360 మోడల్ 85తో వచ్చిన ‘క్యాష్’. ప్రోగ్రామ్ కంట పడకుండా పనిచేస్తుంది కనుక పేరు అతికింది.

మన వంటింట్లో దీనికి సాటి పోపుల డబ్బా. ఆవాల కోసం ప్రతిసారీ సామాన్ల గదికి వెళ్లక్కర్లేదు. మల్టీకోర్ చిప్‌లో చిక్కేమిటంటే ఉమ్మడి డబ్బా ఒకటి, వండేవాళ్లు, అంటే కోర్లు, నలుగురు. ఒకరు జీలకర్ర పోసుకోవడానికి ఇంకొకరి ఆవాలు తీసేస్తారు. మామూలు పనిలో అది కాస్త ఆలస్యం. విమాన నియంత్రణలో గడువు తప్పడం. అందుకే గిన్నెలు పంచేస్తారు. హార్డ్‌వేర్ పంచితే ‘వే పార్టిషనింగ్’. పేజీల చిరునామాలు చూసి ఆపరేటింగ్ సిస్టమ్ పంచితే ‘పేజ్ కలరింగ్’. వాటా చిన్నదవుతుంది, కానీ ఎంత సేపు పడుతుందో ముందే లెక్క కట్టవచ్చు.

పక్కవాడి చెయ్యి పడనప్పుడే అది దాచుకున్నట్టు.