పాముల్ని వెతుక్కుంటూ వెళ్లే రాత్రులు

దక్షిణాఫ్రికాలో నన్ను మొదట ఆశ్చర్యపరిచింది బంగారు గనులూ కాదు, సింహాలూ కాదు. వాన వెలిసిన రాత్రి కొందరు డబ్బు కట్టి మరీ పాముల్ని వెతుక్కుంటూ పొదల్లోకి వెళతారు. మన మార్కాపురం, గిద్దలూరు పల్లెల్లో చీకటి పడితే పాము పేరే ఎత్తం, "పురుగు" అంటాం. అది ఎదురుపడకుండా ఇల్లు చేరితే చాలనుకుంటాం. అలాంటిచోట పెరిగిన నాకు ఈ సరదా ఏమిటో చాలాకాలం అర్థం కాలేదు. ఉద్యోగం మీద డర్బన్ వచ్చి స్థిరపడ్డాక నేనూ వెళ్లడం మొదలుపెట్టాను. వెళ్లేకొద్దీ ఈ దేశం కథ నాకు పుస్తకాల్లో కంటే ఆ పొదల్లోనే బాగా తెలిసింది.

ఇక్కడ కాలాలు తలకిందులు. మనకు చలి మొదలయ్యే నవంబరులో వీళ్లకు వానలు పట్టుకుంటాయి. తొలి వానలకు కప్పలు బయటికొస్తాయి, వాటి వెనకే పాములు. మోకాళ్ల దాకా మందపాటి తొడుగులు, తలకు లైటు. దారి చూపేవాడి చేతిలో కొక్కెం కర్ర ఉంటుంది. అతను మొదట చెప్పే మాట ఒకటే: లైటు పడని చోట చెయ్యీ కాలూ పెట్టొద్దు. గడ్డిలో మంచు బిందువుల్లా మెరిసేవన్నీ సాలీళ్ల కళ్లు. పగలు పక్కనే ఉన్నా కనపడని ఊసరవెల్లి రాత్రి లైటు వెలుగులో తెల్లగా తేలిపోతుంది. పగలంతా తిరిగే పచ్చని పొదపాము కొమ్మ చివర మెలికలు చుట్టుకుని నిద్రపోతుంటుంది. దాన్ని తాకకుండా, ఊపిరి తగలనంత దూరంలో నిలబడి చూస్తాం.

ప్రమాదం కూడా అక్కడే ఉంటుంది. పఫ్ ఆడర్ అనే పింజరి జాతి పాము ఎండుటాకుల్లో కలిసిపోయి అడుగు పక్కన పడినా కదలదు. కదలదు కాబట్టే ఎంతోమంది దాన్ని తొక్కుతారు. మొజాంబిక్ నాగు రెండు మూడు మీటర్ల దూరం నుంచే కళ్లలోకి విషం చిమ్ముతుంది. అందుకే అందరం కళ్లద్దాలు పెట్టుకుంటాం. స్టిలెట్టో పాము అని ఇంకొకటి ఉంది. నల్లగా, సన్నగా, వానపాముకి అన్నలా ఉంటుంది. నోరు తెరవకుండానే కోరను పక్కకి పొడుచుకొచ్చేలా చేసి కాటేస్తుంది కాబట్టి మెడ దగ్గర పట్టుకున్నా వదలదు. దాని విషానికి విరుగుడు మందు లేదు.

మేం తిరిగే కొండలు డర్బన్‌కి ఉత్తరాన ఉన్నాయి. మౌంట్ ఎడ్జ్‌కోంబ్, వెరులం, టొంగాట్. ఇదంతా చెరుకు నేల. చెరుకుంటే ఎలుకలుంటాయి, ఎలుకలుంటే పాములుంటాయి. కోతకు ముందు తోటకు నిప్పు పెడితే ఎండుటాకు కాలిపోతుంది, పాములు పారిపోతాయి. ఈ చెరుకు నరకడానికే 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ మనవాళ్లను తీసుకుని డర్బన్ చేరింది. 1911 దాకా అలా వచ్చినవాళ్లు లక్షన్నర పైమాటే. వాళ్లలో తెలుగువాళ్లు ఎక్కువగా విశాఖ, గంజాం, ఉత్తర ఆర్కాటు వైపువాళ్లు. అయిదేళ్ల ఒప్పందం, మొదటి ఏడాది నెలకు 10 షిల్లింగుల జీతం, ఆపైన ఏడాదికొక షిల్లింగు పెంపు. కాళ్లకు చెప్పుల్లేవు.

ఇక్కడ నాయుళ్ల ఇంటి పెద్దామె ఒకామె నన్ను చూస్తే కొడుకులాగే చూసుకుంటుంది. మాట్లాడేది ఇంగ్లీషు, మధ్యమధ్య నాలుగు తెలుగు ముక్కలు. "మా అవ్వ తెల్లారుజామున చెరుకులోకి పోయేటప్పుడు కర్రతో నేలను కొట్టుకుంటా పోయేది నాయనా" అని ఒకసారి చెప్పింది. నాకు ఒళ్లు జలదరించింది. మా ఊళ్లో మా తాత చేసిందీ అదే. చెరుకు నరికిన ఆ మనుషులే తమ రెక్కల కష్టంతో గుళ్లు లేపారు. మౌంట్ ఎడ్జ్‌కోంబ్‌లోని గణేశుడి గుడిని 1898లో కట్టిన శిల్పి పేరు క్రిష్టప్ప రెడ్డి. ఇప్పటికీ ఆ గుడి చుట్టూ చెరుకు చరిత్రే.

వాళ్లు రాకముందు నుంచీ ఇది జులూలు బతికిన నేల. జులూలకు పాము ఉత్త పురుగు కాదు. చనిపోయిన పెద్దలు పాము రూపంలో ఇంటికి వస్తారని వాళ్ల నమ్మకం. గుడిసెలోకి నెమ్మదిగా వచ్చిన ఇంటిపాముని చంపరు, పలకరిస్తారు. రాజులు మాంబాలుగా వస్తారట. రాజ్యం ఐక్యతకు గుర్తుగా వాళ్లు దాచుకున్న గడ్డి చుట్ట ఒకటి ఉండేది, పేరు ఇంకాథా. దానికి కొండచిలువ చర్మం చుట్టి కాపాడుకునేవాళ్లు. 1879 యుద్ధంలో బ్రిటిష్ సైన్యం రాజనివాసాలతో పాటు దాన్నీ తగలబెట్టింది. నాగులచవితికి పుట్ట దగ్గర పాలు పోసే మనకు ఆ నష్టం ఎంతటిదో వేరే చెప్పక్కర్లేదు.

పాములంటే తెల్లవాళ్లకూ మోజు కలిగింది, అది ఇంకో రకం మోజు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన రోజుల్లో పోర్ట్ ఎలిజబెత్ మ్యూజియం డైరెక్టరు ఎఫ్. డబ్ల్యు. ఫిట్జ్‌సైమన్స్ అక్కడ పాముల పార్కు తెరిచాడు. జనం ఎగబడి చూసింది మాత్రం జొహానెస్ మొలికో అనే నల్ల ఉద్యోగిని. నాగుల్నీ పింజరుల్నీ చేత్తో ఎత్తి మెడలో వేసుకునేవాడు. అతని బొమ్మతో పోస్టుకార్డులు అచ్చయ్యాయి. పాముల శాస్త్రం పుస్తకాలు ఫిట్జ్‌సైమన్స్ పేరు మీద వచ్చాయి, కాటు ప్రమాదం మొలికో చేతికి మిగిలింది. ఆ పోస్టుకార్డు చూసినప్పుడల్లా అతని ధైర్యానికి చేతులు జోడించాలనిపిస్తుంది, ఆ ఏర్పాటు మీద కోపమూ వస్తుంది.

విరుగుడు మందు కథ వింటే మాత్రం ఈ దేశం మీద గౌరవం కలుగుతుంది. 1912లో గని కార్మికుల ఆరోగ్యం కోసం జొహానెస్‌బర్గ్‌లో మొదలైన వైద్య పరిశోధన సంస్థ 1928 నుంచి పాముకాటు మందు తయారు చేసింది. గుర్రాలకు కొద్దికొద్దిగా విషం ఎక్కించి, వాటి రక్తం నుంచి తీసే మందు అది. ఇప్పుడు ఇక్కడి మందు బ్లాక్ మాంబాతో కలిపి పది రకాల పాములకు పనిచేస్తుంది. మన దేశంలో ఇచ్చే మందు నాలుగింటికి: నాగు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. అందుకు కావలసిన విషం చాలావరకు తమిళనాడులో ఇరులర్లు 1978లో పెట్టుకున్న సహకార సంఘం నుంచే వెళుతుంది.

ఇంత మందు ఉన్నా, 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుకు సుమారు 12 లక్షల మంది చనిపోయారని అంచనా. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో మనదీ ఒకటి. మొత్తం చావుల్లో సగం వానాకాలంలోనే. ఆ లెక్క చదివినప్పుడు నాకు చెరుకు తోటలు కాదు, మన పశ్చిమ ప్రకాశం బోరుబావులు గుర్తొచ్చాయి. కరెంటు రాత్రిపూట ఇచ్చిన ఏళ్లలో రైతు ఒంటిగంటకు లేచి, గట్ల మీద ఒట్టికాళ్లతో నడిచి, స్టార్టరు డబ్బా దగ్గరికి పోయేవాడు. డబ్బాలో వెచ్చగా ఉంటుందని అక్కడే పాము చుట్టుకుని ఉండేది. నూట యాభై ఏళ్ల క్రితం తోట యజమాని గంట మనవాళ్లను చీకట్లో చెరుకులోకి తోలింది. మన ఊళ్లో కరెంటు టైము తోలింది. ఆ రోజుల్లో అక్కడ కాటు పడితే మంత్రమే గతి. మన ఊళ్లో ఆసుపత్రి ఉన్నా ముందు మంత్రగాడి దగ్గరికి పోయి గంటలు పోగొట్టుకుంటాం. కట్లపాము నిద్రలో కరిస్తే నొప్పి కూడా తెలియదు, తెల్లారేసరికి రెప్పలు వాలిపోతాయి, ఊపిరి ఆగుతుంది. ఆ గంటలే ప్రాణం.

మళ్లీ డర్బన్‌కి వస్తే, ఇక్కడి కథకు వర్ణవివక్ష కాలం ఇంకో మెలిక తెచ్చింది. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టంతో కేటో మేనర్ లాంటి చోట్ల స్థిరపడ్డ భారతీయుల్ని ఖాళీ చేయించి చాట్స్‌వర్త్ కొండల మీద ఇళ్లలోకి తోలారు. ఆ లోయలూ పొదలూ బ్లాక్ మాంబాలకు పుట్టిల్లు. ఇప్పుడు డర్బన్‌లో ఇంటి కప్పులో మాంబా కనపడితే జనం నిక్ ఎవాన్స్ లాంటి పాములు పట్టేవాళ్లకు ఫోను చేస్తారు. అతను వచ్చి పట్టుకుని దూరంగా అడవిలో వదిలేస్తాడు. మనవాళ్లు చుట్టూ చేరి ఫొటోలు తీసుకుంటారు. అవ్వలు కర్రతో నేలను కొట్టుకుంటూ నడిచిన కుటుంబాల్లోనే పిల్లలు ఇప్పుడు పాముని చంపొద్దంటున్నారు. ఈ మార్పు చూస్తే నాకు అన్నిటికంటే ఎక్కువ ముచ్చటేస్తుంది.

ఈ మధ్య ఏ రాత్రి పొదల్లో నడిచినా నల్లమల గుర్తొస్తుంది. దిగువమెట్ట దగ్గర రైలు అడవిలోకి దూరేటప్పుడు కిటికీలోంచి కొట్టే తడి మట్టివాసన, కంభం చెరువు కట్ట మీద కప్పల గోల. అక్కడా ఇంతటి అందమే ఉంది. మనం చీకట్లో ఎప్పుడూ దాన్ని చూడలేదు, చూసే తీరికా ధైర్యమూ మనకు ఎవరూ ఇవ్వలేదు. ఇక్కడ నేను పాముని చూసి ఆనందించగలుగుతున్నానంటే నాలో కొత్త ధైర్యమేదో పుట్టి కాదు. కాలికి బూటుంది, తలకు లైటుంది, గంటలో చేరగల ఆసుపత్రిలో మందుంది. మన ఊళ్లో రాత్రి మడి తడపడానికి పోయే రైతుకీ ఈ మూడూ ఉండి తీరాలి. మండలానికొక ఆసుపత్రిలో మందు, దాన్ని ఇవ్వగల డాక్టరు వానాకాలమంతా ఉన్నారా అని మనం అడగాలి. ప్రతి ఏడూ అడగాలి, గ్రామసభలో అడగాలి.