అంగట్లో పుట్టి ఇంట్లో పెరిగిన పండుగ బొమ్మలు

అమెరికాలో డిసెంబరు నెల వచ్చిందంటే కొన్ని పాత బొమ్మల చిత్రాలకు మళ్ళీ గిరాకీ పుడుతుంది. అన్నీ అరవై ఏళ్ళ నాటివి. ఒక్కొక్కటి అరగంటో, గంటో సాగుతుంది. కథ మనవలకు ఎంత కంఠతా వచ్చో తాతలకూ అంతే కంఠతా వచ్చు. అయినా కూర్చుని చూస్తారు. వీటికంటే నేర్పుగా తీసిన చిత్రాలు తర్వాత ఎన్నో వచ్చాయి, పోయాయి. మరి వీటికే ఇంత ఆయుష్షు ఎందుకు? వాటి పుట్టుపూర్వోత్తరాలు చూస్తే ఒక విచిత్రం కనబడుతుంది. అవన్నీ వ్యాపారం కోసం పుట్టినవి. వ్యాపారం చేతిలోంచి వాటిని తీసుకుని పెంచుకున్నది మాత్రం చూసిన జనం.

వీటిలో పెద్దది ఎర్రముక్కు రుడాల్ఫ్ కథ. షికాగోలోని మాంట్‌గోమరీ వార్డ్ అనే పెద్ద దుకాణం 1939లో పిల్లలకు పంచిపెట్టడానికి ఒక చిన్న పుస్తకం కావాలనుకుంది. ప్రకటనలు రాసే గుమస్తా రాబర్ట్ మేకు ఆ పని అప్పగించారు. ఆయన రాస్తుండగానే భార్య క్యాన్సర్‌తో చనిపోయింది. పని మానుకోమన్నా మానకుండా, నాలుగేళ్ళ కూతురికి చదివి వినిపిస్తూ పూర్తి చేశాడు. ముక్కు ఎర్రగా మెరుస్తుందని తోటివాళ్ళు వెలివేసిన దుప్పిపిల్లే, మంచు కమ్మిన రాత్రి శాంతాక్లాజ్ బండికి దారి చూపుతుంది. ఆ ఏడాదే 24 లక్షల ప్రతులు పంచారు. మే తోబుట్టువు భర్త జానీ మార్క్స్ దాన్ని పాటగా కట్టగా, 1949లో జీన్ ఆట్రీ పాడాడు. పాట ఊరూరా మారుమోగింది.

1964 డిసెంబరు 6న ఎన్.బి.సి.లో అది బొమ్మల చిత్రంగా వచ్చింది. డబ్బు పెట్టింది జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ. తీసింది న్యూయార్కులోని రాంకిన్, బాస్ ద్వయం. గొంతులు ఎక్కువగా కెనడా నటులవి. బొమ్మలు చేసి, వాటిని కొద్దికొద్దిగా కదుపుతూ ఒక్కో ఫోటో తీసిన ఓపిక టోక్యోలో తదహితో మోచినాగా బృందానిది. అమెరికా పండుగ బొమ్మకు ప్రాణం పోసింది జపాను చేతులన్న మాట.

ఆ చిత్రంలో ఒక దీవి ఉంది. ఎవరికీ అక్కరలేని వంకర బొమ్మలన్నీ అక్కడ ఉంటాయి. వాటికి ఇల్లు చూపిస్తానని రుడాల్ఫ్ మాట ఇస్తాడు. మొదటి ఏడాది చిత్రంలో ఆ మాట నెరవేరకుండానే కథ ముగిసింది. పిల్లలు ఊరుకోలేదు. ఉత్తరాలు రాశారు. 1965లో మళ్ళీ వేసినప్పుడు, శాంతా ఆ దీవికి వెళ్ళి బొమ్మలను బండి ఎక్కించుకునే దృశ్యం కొత్తగా కలిపారు. కథ ఎవరిదో ఆనాడే తేలిపోయింది.

అదే ఏడాది డిసెంబరు 9న సి.బి.ఎస్.లో ‘ఎ చార్లీ బ్రౌన్ క్రిస్మస్’ వచ్చింది. పండుగ అంతా బేరసారాలైపోయిందని దిగులుపడే పిల్లవాడి కథ. దానికి డబ్బు పెట్టింది కోకా-కోలా! మెరిసే అల్యూమినియం చెట్లన్నీ వదిలి, నాలుగు ఆకులున్న బక్క మొక్కను తెచ్చుకుంటాడు చార్లీ. అందరూ నవ్వుతారు. చివరికి వాళ్ళే దాన్ని అలంకరిస్తారు. గొంతులు నిజమైన పిల్లలవి. వారిలో ఒక పాప చదవటం రానిది, మాట మాటా చెప్పించి పలికించారు. నేపథ్యంలో విన్స్ గరాల్డి జాజ్ సంగీతం. లూకా సువార్త చదివే ఘట్టం ఉండి తీరాలని రచయిత చార్లెస్ షుల్జ్ పట్టుబట్టాడు. నడక మందంగా ఉందని సి.బి.ఎస్. పెద్దలు పెదవి విరిచారు. ప్రసారమైన రాత్రి దాదాపు కోటిన్నర ఇళ్ళలో చూశారు. మరుసటి ఏడాది ఎమ్మీ బహుమతి వచ్చింది. 1966లో వచ్చిన ‘గ్రించ్’లోనూ ఊరికి దూరంగా కొండమీద ఒంటరిగా ఉన్నవాడే నాయకుడు.

వెలివేసినవాడు, బక్క మొక్క, వంకర బొమ్మ, ఒంటరివాడు - వీళ్ళే ఈ కథల్లో పండుగను నిలబెడతారు. మనసుకు పట్టడానికి అదొక కారణం. రెండో కారణం కాలం. వీడియో క్యాసెట్లు ఇళ్ళకు రాకముందు ఇవి ఏడాదికి ఒక్కరాత్రే వచ్చేవి. తప్పిపోతే మళ్ళీ ఏడాది దాకా ఆగాలి. అందుకే ఇల్లంతా పనులు కట్టిపెట్టి కూర్చునేది. ఊరంతా ఒకే గంటలో ఒకటే చూస్తున్నామన్న ఎరుక ఉండేది.

2020లో ఆ ఎరుకకు దెబ్బ తగిలింది. చార్లీ బ్రౌన్ హక్కులు ఆపిల్ కంపెనీ కొనుక్కుని, తన చందాదారులకు చూపే ఏర్పాటు చేసింది. రెండు లక్షలకు పైగా జనం నిరసన పత్రం మీద సంతకాలు పెట్టారు. కంపెనీ దిగివచ్చి 2020లోనూ 2021లోనూ పి.బి.ఎస్.లో అందరికీ చూపనిచ్చింది. ఆ పైన ఏటా డిసెంబరులో కొద్ది రోజులు చందా లేకుండా వదులుతోంది. రుడాల్ఫ్ మాత్రం 1972 నుంచి సి.బి.ఎస్.లో ఉండి, 2024లో మళ్ళీ పుట్టింటికి, ఎన్.బి.సి.కి చేరింది.

ఎప్పుడంటే అప్పుడు చూడగలిగే రోజుల్లో జనం ఇంతగా పోరాడింది బొమ్మ కోసం కాదు, అందరూ కలిసి చూసే ఆ ఒక్క రోజు కోసం. చుట్టూ వేరే భాష మాట్లాడే ఊళ్ళలో తరాలుగా ఉంటూ, ఉగాదినాడైనా పదిమందిమి ఒకచోట చేరి తెలుగులో పంచాంగం వినాలని తాపత్రయపడే మనకు ఆ సంతకాల అర్థం ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు. పంచాంగం పుస్తకం అంగట్లో దొరుకుతుంది. పక్కన కూర్చుని వినే మనిషి దొరకడు.