సీమ గొంతు, గుంటూరు మాస్టారు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వెళ్లే దారిలో సిరివెళ్ల తగులుతుంది. 1946లో నటుడు జయప్రకాశ్ రెడ్డి అక్కడే పుట్టారు. తండ్రి పోలీసు సబ్ ఇన్‌స్పెక్టర్, బదిలీల ఉద్యోగం. దాంతో చదువు నెల్లూరులో మొదలై అనంతపురం చేరింది. పెద్దయ్యాక గుంటూరులో లెక్కల మాస్టారయ్యారు. తెలుగు ప్రేక్షకులు అచ్చమైన రాయలసీమ గొంతు అనుకున్నది నిజానికి నాలుగు ఊళ్ల నీళ్లు తాగిన గొంతు!

పాఠాలు ఒకవైపు, నాటకాలు మరోవైపు. నల్గొండలో ఆయన ఆడిన ‘గప్‌చుప్’ నాటకం చూసి దాసరి నారాయణరావు మెచ్చుకుని, నిర్మాత రామానాయుడికి ఆయన గురించి చెప్పారు. అలా 1988లో ‘బ్రహ్మపుత్రుడు’తో వెండితెరకెక్కారు. తర్వాత వచ్చిన చిన్నాచితకా వేషాలతో ఇల్లు గడవలేదు. మళ్లీ బడి, మళ్లీ లెక్కలు.

1997లో ‘ప్రేమించుకుందాం రా’ వచ్చింది. అందులో వీరభద్రయ్యగా ఆయన అరుపులను నమ్ముకోలేదు. మాటను సాగదీసి, మధ్యలో ఆపి, ఓ చూపు విసిరి భయపెట్టారు. రంగస్థలం మీద ఏళ్ల తరబడి నలిగినవాడికే అబ్బే పని అది. ఆ తర్వాత ‘సమరసింహారెడ్డి’ (1999)లో వీరరాఘవరెడ్డి. ‘జయం మనదేరా’ (2000) ఉత్తమ ప్రతినాయకుడిగా నంది అవార్డు తెచ్చిపెట్టింది.

ఇలాంటి ఫ్యాక్షన్ సినిమాల వల్ల సీమకు మేలు జరిగిందా అంటే, లేదు. కేసీ కాలువ కింద వరి పండే నంద్యాల, రాతికి ప్రాణం పోసే ఆళ్లగడ్డ శిల్పులు, పక్కనే అహోబిలం... ఇవేవీ ఆ సినిమాలకు పట్టలేదు. సుమోలు, వేటకొడవళ్లు చాలనుకున్నాయి. ఆ నేల బిడ్డే ఆ సినిమాలు గీసిన సీమ బొమ్మకు ముఖమయ్యారు. అయితే సీమ యాసకు రాష్ట్రమంతటా చెవులు అలవాటు చేసింది కూడా ఆయనే.

అదే ఫ్యాక్షనిస్టును పట్టుకుని ఆయనే నవ్వించారు కూడా. ‘ఎవడి గోల వాడిది’, ‘ఢీ’, ‘రెడీ’ సినిమాల్లో మీసం అదే, యాస అదే. జనం మాత్రం పొట్ట పట్టుకున్నారు. తానే కట్టిన గుబులును తానే కూల్చి నవ్వు పుట్టించడం ఎంతమందికి చేతనవుతుంది? అయినా పరిశ్రమ ఆయన్ని ఆ మీసం దాటి చూడలేదు. తండ్రిగా, ఒంటరి ముసలివాడిగా, బడిపంతులుగా ఆయన ఏం చేయగలరో పరీక్షించిన దర్శకులు బహు తక్కువ.

ఆ లోటు రంగస్థలం మీదే తీర్చుకున్నారు. ‘అలెగ్జాండర్’ నాటకంలో వేదిక మీద ఆయనొక్కరే. దాదాపు వంద నిమిషాలు, తోడుగా ఇంకో పాత్ర లేదు. సినిమాల్లో పేరు వచ్చాక కూడా దాన్ని వదల్లేదు.

2020 సంక్రాంతికి ‘సరిలేరు నీకెవ్వరు’లో కనిపించారు. అదే ఏడాది సెప్టెంబరు 8న గుంటూరులోని ఇంట్లో గుండెపోటుతో కన్నుమూశారు. ఆయన స్థాయి తేల్చాల్సింది సుమోల సినిమాలు కాదు, ‘అలెగ్జాండరే’.