ఫార్మల్ నైట్ నాడు పదహారో డెక్కు మీద

సాయంత్రం అయిదున్నర. కిందికి దిగే లిఫ్టుల ముందు జనం కిటకిటలాడుతున్నారు. నల్లకోట్లు, బో టైలు, తళుకుల గౌన్లు, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయిన సెంటు వాసనలు. మీరు, మీ ఆయన, పిల్లలిద్దరూ, తెనాలి నుంచి వచ్చిన మీ అమ్మానాన్నలూ మాత్రం పైకి పోయే లిఫ్టు కోసం చూస్తున్నారు. అది ఖాళీగానే వస్తుంది. నాన్న టీషర్టు మీద స్వెట్టరు వేసుకున్నారు. కాళ్ళకి ఇంట్లో వేసుకునే మెత్తటి చెప్పులే.

"ఇలా వస్తే ఏమీ అనరు కదా అమ్మాయీ?" అని మళ్ళీ అడుగుతారు.

ఏమీ అనరు. మీరు వెళ్తున్న చోటికి తడిసిన ఈతబట్టలతోనూ, చెప్పుల్లేకుండానూ రావద్దంటారు, అంతే.

ఇది 2022 డిసెంబరు. ఓడ పేరు అల్యూర్ ఆఫ్ ది సీస్. 2010లో ప్రయాణాలు మొదలుపెట్టిన ఈ ఓడ పొడవు 360 మీటర్లు. గదికి ఇద్దరి చొప్పున వేసుకున్నా అయిదు వేల నాలుగు వందల మందికి పైగా పడతారు. టెక్సస్‌లోని గాల్వెస్టన్ రేవులో రాయల్ కరీబియన్ కంపెనీ తన కొత్త టెర్మినల్‌ని కిందటి నెలలోనే తెరిచింది. దాంతో హ్యూస్టన్, డాలస్, ఆస్టిన్‌లలో ఉండే తెలుగువాళ్ళకి ఇంత పెద్ద ఓడ ఎక్కడానికి ఫ్లోరిడా దాకా విమానంలో పోవాల్సిన పని తప్పింది. కార్లో సామాను వేసుకుని వచ్చేస్తే చాలు. నిన్న సాయంత్రం రేవు వదిలారు. ఇవాళంతా గల్ఫ్ ఆఫ్ మెక్సికోలోనే. నేల కంటికి కనిపించని ఇలాంటి రోజుని ఓడలో సీ డే అంటారు. అందరూ ముస్తాబై కింద డైనింగ్ హాలులో తినే ఫార్మల్ నైట్ సాధారణంగా మొదటి సీ డే నాడే పెడతారు.

నిన్న రాత్రి మీరూ కింద పెద్ద డైనింగ్ హాలులోనే తిన్నారు. తెల్లటి టేబుల్ గుడ్డలు, పేరు పెట్టి పలకరించే వెయిటరు, ఒకటి తిన్నాకే ఇంకొకటి వడ్డించే పద్ధతి. బాగుంది. కానీ లేచేసరికి గంటన్నర పట్టింది. డెజర్టు రాకముందే చిన్నవాడు టేబుల్ మీద తల వాల్చి నిద్రపోయాడు. నాన్నకి మోకాళ్ళు పట్టేశాయి. అందుకే ఇవాళ పైకి.

లిఫ్టు తలుపులు తెరుచుకోగానే వెల్లుల్లి, వెన్న, అప్పుడే కాల్చిన రొట్టె వాసన. ఇది విండ్‌జామర్, ఓడలోని బఫే హాలు. గుమ్మంలో ఒకమ్మాయి నిలబడి, చేతులు శుభ్రం చేసుకోమని వచ్చిన ప్రతివాళ్ళకీ నవ్వుతూ చెప్తోంది. ఆమె బ్యాడ్జీ మీద పేరు, పేరు కింద ఇండోనేషియా. మునిసిపాలిటీలో శానిటరీ ఇన్‌స్పెక్టరుగా రిటైరైన నాన్నకి ఆ పలకరింపు బాగా నచ్చింది. సీసాలోంచి వచ్చే శానిటైజరు చాలదు, సబ్బుతో కడుక్కోవాల్సిందే అని పిల్లల్ని పక్కనున్న వాష్‌రూముకి తీసుకెళ్తారు. ఆయన మాట నూటికి నూరుపాళ్ళూ నిజం. ఓడల్లో వాంతులు, విరేచనాలు పాకించే నోరోవైరస్ మీద శానిటైజరు పెద్దగా పనిచెయ్యదు. సబ్బూ నీళ్ళే దాన్ని వదిలిస్తాయి.

పొద్దున ఇదే హాలులో కూచోడానికి కుర్చీ దొరక్క ప్లేటు పట్టుకుని తిరిగారు. ఇప్పుడు చూడండి, సగానికి సగం ఖాళీ. ఊరంతా కింద హాలులో ఉంది. కిటికీ పక్కన ఆరుగురికీ సరిపోయే టేబులు దొరికింది. బయట సూర్యుడు ఇప్పుడే మునిగాడు, నీళ్ళ చివర సన్నటి నారింజ గీత మిగిలింది.

నాన్న కూచోరు. కౌంటర్ల చుట్టూ ఒక చుట్టు తిరిగి వస్తానంటారు. మీరూ వెంట వెళ్ళండి, ఆయన కళ్ళతో చూస్తే ఈ హాలు వేరేగా కనిపిస్తుంది. తెల్లకోటు వేసుకున్న కుర్రాడొకడు చికెన్ కూర ట్రేలో సన్నటి థర్మామీటరు గుచ్చి, అంకె చూసి, కాగితం మీద రాసుకుంటున్నాడు. అమెరికా రేవులకి వచ్చే ఓడలకి అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ పెట్టిన నియమం అది. వేడి పదార్థం 57 డిగ్రీల సెల్సియస్‌కి తగ్గకూడదు, చల్లటిది 5 డిగ్రీలు దాటకూడదు. ఇన్‌స్పెక్టర్లు చెప్పకుండా ఓడ ఎక్కుతారు. నూటికి మార్కులు వేస్తారు. 85, అంతకంటే తక్కువ వస్తే ఫెయిలు. ఆ మార్కులు ఎవరైనా చూసుకునేలా బయటపెడతారు. రెండోసారి వడ్డించుకోవడానికి వచ్చిన ఒకాయన చేతిలోంచి ఎంగిలి ప్లేటు మర్యాదగా తీసుకుని, ఇంకొక అమ్మాయి కొత్త ప్లేటు ఇచ్చింది. ఎంగిలి ప్లేటుకి తగిలిన గరిటె మళ్ళీ ట్రేలోకి పోకూడదు కాబట్టి.

"పనిచేసేవాళ్ళు చేస్తున్నారమ్మా," అంటారు నాన్న. ఆయన నోట ఆ మాట రావడం అరుదు.

ఇక తిండి. కోసి వడ్డించే మాంసాలు ఒకవైపు, పాస్తాలు ఒకవైపు, పచ్చికూరలూ చీజులూ ఇంకోవైపు, పిల్లలకి ఫ్రెంచ్ ఫ్రైస్, మాకరోనీ. వీటి గురించి ఎక్కువ చెప్పను, ఏ పెద్ద హోటలు బఫేలోనైనా ఉండేవే. మిమ్మల్ని నిలబెట్టేది ఆ మూల ఉన్న భారతీయ కౌంటరు. బాస్మతి అన్నం, పప్పు, శనగల కూర, చికెన్ కూర, అప్పడాలు, పెరుగు పచ్చడి. మెనూ రోజూ కొంచెం మారుతుంది కానీ కౌంటరు మాత్రం ఉంటుంది. దాని వెనకున్న వంటాయన బ్యాడ్జీ మీద ఇండియా. అమ్మని చూడగానే చేతులు జోడించాడు. అమ్మకి హిందీ రాదు, ఆయనకి తెలుగు రాదు. అమ్మ పప్పు వైపు వేలు చూపించి "వెజ్?" అంది. "ప్యూర్ వెజ్, మాజీ," అన్నాడాయన. అంతటితో ఆగలేదు. కౌంటరు చుట్టి బయటికొచ్చి, అమ్మతోపాటు నడుస్తూ ఒక్కొక్క ట్రే చూపించి, ఇది తినొచ్చు, ఈ సూపు చికెన్ నీళ్ళతో చేసింది, ఆ కేకులో గుడ్డుంది అని సైగలతోనే చెప్పాడు. శాకాహారులు ఇది గుర్తుంచుకోవాలి. పళ్ళాల ముందున్న అట్టముక్క చదివి ఊరుకోకండి. సూపుల్లో, గ్రేవీల్లో, జెల్లీ మిఠాయిల్లో ఏం కలుస్తుందో అట్టముక్కలు అన్నీ చెప్పవు. వంటవాళ్ళని అడిగితే విసుక్కోకుండా చెప్తారు.

అమ్మ ప్లేటులో రెండు గరిటెల అన్నం, దాని మీద పప్పు. మసూరుపప్పు, పల్చగా ఉంది. జీలకర్ర తాలింపు పడింది, ఎండుమిరపకాయ పడలేదు. చింతపండు సంగతి అడగక్కర్లేదు. అమ్మ హ్యాండ్‌బ్యాగులోంచి ఆవకాయ ప్యాకెట్టు తీసింది. ఇంట్లో వండినవి ఓడలోకి రానివ్వరు కాబట్టి, హ్యూస్టన్ ఇండియన్ స్టోర్లో కొని, సీలు తియ్యకుండా తెచ్చుకున్నది. ఫోర్కు పక్కన పెట్టి, అన్నంలో వేళ్ళు పెట్టి, పప్పూ ఎర్రటి నూనే కలిసేదాకా మెల్లగా కలిపింది. మొదటి ముద్ద చిన్నవాడికి. రెండోది తను. కళ్ళు మూసుకుని నమిలింది. పక్క టేబుల్‌లోని తెల్లావిడ ఆ ఎర్రటి ముద్ద వైపు చూసి, ఏమిటది అని అడిగింది. మీ ఆయన కొంచెం రుచి చూపించారు. ఆవిడ గటగటా లెమనేడ్ తాగి, మళ్ళీ కొంచెం అడిగింది.

నీళ్ళు, లెమనేడ్, ఐస్‌డ్ టీ, కాఫీ, టీ ఇక్కడ ఉచితం. కోక్ లాంటివాటికీ, మందుకీ డబ్బు కట్టాలి, పైన 18 శాతం టిప్పు బిల్లులోనే కలిసిపోతుంది.

ఏడు కావస్తోంది. హాలు ఒకవైపుకి సన్నగా ఒరిగి మళ్ళీ సర్దుకుంది. గ్లాసులో నీళ్ళు కదిలాయి. ఓడలో ఎంత పైకెళ్తే ఊపు అంత తెలుస్తుంది. అమ్మకి తల కొంచెం తిరిగినట్టుందంటే కిందికి దిగండి, పడుకోబెట్టాల్సిన పనిలేదు. పదహారో డెక్కులో తెలిసిన ఊపు అయిదో డెక్కుకి వచ్చేసరికి చాలావరకు తగ్గిపోతుంది.

దారిలో ఎనిమిదో డెక్కు దగ్గర ఆగకుండా ఉండలేరు. సెంట్రల్ పార్కు. ఓడ నడుమ, రెండువైపులా బాల్కనీ గదుల గోడల మధ్య, పైన ఆకాశం తప్ప కప్పులేని తోట. 12,000 దాకా మొక్కలు. అమ్మ ఒక ఆకు గిల్లి చూసి "నిజందే!" అంటుంది. కీచురాళ్ళ చప్పుడు మాత్రం స్పీకర్లలోంచి వస్తోంది. ఈ తోటలో ఖరీదైన రెస్టారెంట్లు ఉన్నాయి, వాటి పక్కనే పార్క్ కేఫ్ అనే చిన్న ఉచిత కొట్టూ ఉంది. దానికి పేరు తెచ్చింది బీఫ్ శాండ్‌విచ్. అది తిననివాళ్ళకి సూపులు, వేడి శాండ్‌విచ్‌లు, అడిగినట్టు కలిపిచ్చే సలాడ్లు ఉంటాయి. ఇది రాత్రి పొద్దుపోయేదాకా ఉండదు, వెలుగుండగానే రావడం మేలు. పదహారేళ్ళు నిండినవాళ్ళు మాత్రమే అయితే, పదిహేనో డెక్కులో సోలారియం బిస్ట్రో ఉంది. అదీ బఫేనే, అదీ ఉచితమే, పిల్లల గోల ఉండదు. ఇంకోరోజు అమ్మానాన్నలకి పిల్లల్ని అప్పజెప్పి మీరిద్దరూ వెళ్ళిరండి.

అయిదో డెక్కు, రాయల్ ప్రొమెనేడ్. ఇక్కడ ఊపు తెలియడం లేదు. అమ్మ ముఖం తేటపడింది. రెండువైపులా దుకాణాలు, నడుమ క్రిస్మస్ అలంకరణలు. సముద్రం మీద తెరిచిన మొట్టమొదటి స్టార్‌బక్స్ ఈ ఓడలోనే ఉంది, దానికి డబ్బు కట్టాలి. నాలుగడుగులు వేస్తే కేఫ్ ప్రొమెనేడ్, ఇరవైనాలుగ్గంటలూ తెరిచే ఉంటుంది. శాండ్‌విచ్‌లు, బిస్కెట్లు, మామూలు కాఫీ. నాన్న కాఫీ కప్పు పట్టుకుని, వచ్చేపోయేవాళ్ళని చూస్తూ అక్కడే స్థిరపడిపోయారు. డైనింగ్ హాలులో ఇలా కూచోనివ్వరు, తర్వాతి జట్టు కోసం టేబులు ఖాళీ చెయ్యాలి.

అందరూ పడుకున్నాక, పదకొండూ ముప్పావుకి, మీరూ మీ ఆయనా మళ్ళీ అదే డెక్కుకి వస్తారు. ఆకలి కాదు, నిద్ర పట్టక. సొరెంటోస్ పిజ్జా కొట్టు ముందు క్యూ ఉంది. ఆ క్యూలో ఎవరున్నారో చూడండి. సాయంత్రం లిఫ్టు దగ్గర కనిపించిన నల్లకోట్లే. టై వదులు చేసుకున్నాయన ఒకరు, హై హీల్స్ విప్పి చేత్తో పట్టుకున్న ఆవిడ ఒకరు. కింద అయిదు రకాలు తిని వచ్చినవాళ్ళు కూడా కాగితం ప్లేటు పట్టుకుని నిలబడ్డారు. అద్దం వెనక కోసి పెట్టిన ముక్కలున్నాయి, కానీ వాటి కోసం తొందరపడకండి. మీకు కావలసింది చెప్తే వేరేగా కాల్చి ఇస్తారు. ఉల్లిపాయ, పుట్టగొడుగులు, జలపీన్యో మిరపకాయలు అని చెప్పండి. ఆ కుర్రాడు పిండి వృత్తం మీద సాసు గరిటెతో మధ్యలోంచి అంచులకి తిప్పాడు, చీజు గుప్పిట్లతో చల్లాడు, మిరపకాయ చక్రాలు వెయ్యబోయి మీ వైపు చూశాడు. ఇంకా, అన్నారు. మళ్ళీ చూశాడు. ఇంకా. నవ్వి మొత్తం గుప్పెడూ వేసి పొయ్యిలోకి తోశాడు. కొద్ది నిమిషాల్లో అంచులు ఉబ్బి, చీజు మీద గోధుమరంగు మచ్చలు పడ్డాయి. మొదటి కొరుకుకే కారం ముక్కుకెక్కింది. నిన్నటి నుంచి మీ నాలుక వెతుకుతున్నది అదే.

అల్యూర్ మాత్రమే కాదు, ఈ కంపెనీ పెద్ద ఓడల్లో ఏది ఎక్కినా దాదాపు ఇదే ఏర్పాటు. డైనింగ్ హాలు ఒకటి రెండు రాత్రులు తప్పకుండా చూడండి, ఆ మర్యాద చూడదగ్గదే. ఫార్మల్ నైట్ మాత్రం, పెద్దవాళ్ళూ చిన్నపిల్లలూ వెంట ఉంటే, విండ్‌జామర్‌దే. తొమ్మిది ప్రాంతంలో మూసేస్తారు కాబట్టి ఏడు లోపు వెళ్ళండి. గదికి తెప్పించుకోవడం కంటే ప్రొమెనేడ్‌కి దిగడం నయం. పొద్దుటి కాంటినెంటల్ టిఫిను తప్పిస్తే గదికి తెచ్చిచ్చే ప్రతి ఆర్డరుకీ 2022లో 7.95 డాలర్లు, దాని మీద 18 శాతం ఉండేది.

ఒక్క మాట అడుగుతాను. డైనింగ్ హాలులో వెయిటరు పేరు అందరికీ గుర్తుంటుంది, ఓడ దిగాక ఈమెయిల్లో వచ్చే సర్వేలో అతని పేరు రాస్తారు. బఫేలో ఎంగిలి ప్లేట్లు తీసినవాళ్ళని, అర్ధరాత్రి పిజ్జా కాల్చినవాళ్ళని, అమ్మ వెంట నడిచి ఏం తినొచ్చో చెప్పినాయన్ని ఎవరూ రాయరు. ఆ సర్వేల్లో పడ్డ మంచిమాట పైవాళ్ళ దాకా వెళ్తుంది. వాళ్ళ పేరు, దేశం బ్యాడ్జీ మీదే ఉంటాయి. ఫోన్లో రాసిపెట్టుకోండి, సర్వే వచ్చినప్పుడు ఆ పేర్లు రాయండి.