పట్టా, పెట్టుబడి, ప్రేరణ

చదువుకున్నవాడు ఉద్యోగం కోసం ఎదురుచూడకుండా తానే నలుగురికి ఉద్యోగం ఇవ్వాలన్న నీతిబోధ ఈనాడు విశ్వవిద్యాలయాల్లో తరచుగా వినిపిస్తోంది. విద్యార్థికి చొరవ లేదనీ, చొరవ నేర్పితే పరిశ్రమలు వాటంతటవే పుడతాయనీ దాని సారాంశం. ఈ వాదనకు ఒక చరిత్ర ఉంది. లోపం విద్యార్థి మనసులోనే ఉందా అన్న ప్రశ్నకు ఆ చరిత్రే జవాబు చెబుతుంది.

1857లో ఏర్పడిన కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు తొలినాళ్లలో పరీక్షలు పెట్టి పట్టాలిచ్చే సంస్థలు మాత్రమే. ఆ పట్టా చెల్లుబాటయ్యేది ప్రధానంగా కచేరీల్లో, కోర్టుల్లో, బడుల్లో. రైల్వేలు, జనపనార మిల్లులు, తేయాకు తోటలు అధికభాగం బ్రిటిష్ పెట్టుబడి గుప్పిట్లో ఉన్నప్పుడు బెంగాలీ పట్టభద్రుడు గుమాస్తాగిరీని కోరుకోవడంలో వింత ఏముంది? వలస ఆర్థిక వ్యవస్థ అతనికి తెరిచి ఉంచిన తలుపు అదే.

ఆ తలుపు చాలదన్నవాడు ప్రఫుల్ల చంద్ర రాయ్. 1889లో ప్రెసిడెన్సీ కళాశాలలో రసాయనశాస్త్ర అధ్యాపకుడిగా చేరిన ఆయన, 1892లో సుమారు 700 రూపాయలతో తానుంటున్న ఇంట్లోనే బెంగాల్ కెమికల్ వర్క్స్ ప్రారంభించాడు. మేడమీద ఎముకలు ఆరబెట్టి ఫాస్ఫేట్ తయారుచేశాడు. 1901లో అది లిమిటెడ్ కంపెనీ అయింది. పట్టాల వ్యామోహంలో పడి వ్యాపారాన్ని పరులకు వదిలేశారని ఆయన బెంగాలీ యువకులను జీవితమంతా మందలించాడు. ఆ మందలింపులో నిజం లేకపోలేదు. కాని ఆయన చొరవ వెనుక నెలనెలా వచ్చే జీతం ఉంది, ప్రయోగశాలలో సాధించిన విజ్ఞానం ఉంది. 1905 తర్వాత స్వదేశీ ఉద్యమం దేశీయ సరుకుకు మార్కెట్ తెచ్చిపెట్టింది.

స్వాతంత్ర్యానంతరం ఇటువంటి మందలింపే మనస్తత్వశాస్త్రం రూపంలో తెలుగునేలకు వచ్చింది. హార్వర్డ్ ఆచార్యుడు డేవిడ్ మెక్లీలాండ్ బృందం 1964-65లో కాకినాడ వ్యాపారులను హైదరాబాదులోని చిన్నపరిశ్రమల శిక్షణ సంస్థకు రప్పించి, ఏదైనా సాధించాలన్న ప్రేరణను పెంచే పాఠాలు చెప్పింది. శిక్షణ పొందినవారు మరింత చురుకయ్యారని 1969లో పుస్తకరూపంలో ప్రకటించింది. అయితే తమ వ్యాపారంపై తామే నిర్ణయాలు చేయగలవారిలోనే ఫలితం బాగా కనిపించిందని కూడా ఆ అధ్యయనమే గుర్తించింది. అధికారం, ఆస్తి చేతిలో ఉన్నవానికే ప్రేరణ పనికొచ్చిందన్నమాట!

ఈ రెండో సగాన్ని మరిచి మొదటి సగాన్నే మన విద్యాసంస్థలు స్వీకరించాయి. వ్యాపార దక్షత పాఠ్యాంశమైంది. 2015లో తెలంగాణ ప్రభుత్వం టీ-హబ్‌ను హైదరాబాదు ట్రిపుల్ ఐటీ ప్రాంగణంలోనే ప్రారంభించింది. ఇటువంటి కేంద్రాలు కొందరికి మేలు చేస్తాయి, కాదనలేం. కాని తండ్రి పొలం తాకట్టు పెట్టి చదివించిన కుర్రవాడికీ, మిల్లు యజమాని కొడుక్కీ ఓటమి ఒకే ధరకు దొరకదు. ఒకరికి అది అనుభవం, మరొకరికి కుటుంబం మొత్తం మోయాల్సిన అప్పు.

పాఠం ఆసక్తిని రేపగలదు గాని ఓటమిని భరించే శక్తిని ఇవ్వలేదు. ప్రయత్నించే కాలంలో భృతి, తాకట్టు లేని రుణం, అందరికీ తెరిచిన ప్రయోగశాల కల్పించకుండా చొరవ గురించి ఉపన్యసించడమంటే నిరుద్యోగానికి బాధ్యతను నిరుద్యోగి మీదికే నెట్టడం.